1848లో డీడలస్ ఓడ పక్క నుంచి వెళ్లిందేంటి?

తీరంవాసి | శనివారం, రాత్రి 9:10

సముద్రంలో వింత జంతువు అనగానే సగం కథలు తాగినవాళ్లవీ, మిగతా సగం పత్రికలవాళ్లు అల్లినవీ అయ్యుంటాయి. ఇది ఆ రెండు బాపతులూ కాదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

1848 ఆగస్టు 6. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన హెచ్.ఎం.ఎస్. డీడలస్ తూర్పు సముద్రాల్లో పని ముగించుకుని ఇంగ్లండుకి తిరిగెళ్తోంది. గుడ్ హోప్ అగ్రం దాటింది, సెయింట్ హెలెనా దీవి ఇంకా రాలేదు. సాయంత్రం 5 గంటలు. మబ్బు పట్టి ఉంది, వాయవ్యం నుంచి గట్టి గాలి, నైరుతి నుంచి పొడుగాటి అలలు. సిబ్బందిలో చాలామంది భోజనాల దగ్గరున్నారు. సార్టోరిస్ అనే కుర్ర మిడ్‌షిప్‌మన్ (శిక్షణలో ఉన్న ఆఫీసరు) ఏదో వింతది ఓడవైపు వస్తోందని చెప్పాడు. డెక్కు మీద పచార్లు చేస్తున్న కెప్టెన్ పీటర్ మెక్వే, లెఫ్టినెంట్ ఎడ్గర్ డ్రమ్మండ్, ఓడ మాస్టరు బారెట్ అటు చూశారు. క్వార్టర్‌మాస్టరు, బోసన్ మేటు, చుక్కాని పట్టుకున్నవాడు, అందరూ కలిపి ఏడుగురు.

కెప్టెన్ తర్వాత నౌకాదళానికి రాసిచ్చిన నివేదిక సారాంశం: అది భారీ సర్పం. తలా భుజాలూ నీటికి నాలుగడుగుల ఎత్తున నిలకడగా ఉన్నాయి. నీటి మట్టానికి కనీసం 60 అడుగుల శరీరం కనిపించింది. తల వెనక మందం 15, 16 అంగుళాలు. ముదురు గోధుమ రంగు, గొంతు దగ్గర పసుపు కలిసిన తెలుపు. రెక్కలు లేవు. వీపు మీద గుర్రం జూలు లాంటిదో సముద్రపు నాచు లాంటిదో నీటికి కదులుతోంది. గంటకి 12 నుంచి 15 మైళ్ల వేగంతో నైరుతికి పోయింది. 20 నిమిషాల పాటు దుర్భిణీల్లో చూశారు. ఎంత దగ్గరగా పోయిందంటే, తెలిసిన మనిషైతే ముఖం గుర్తుపట్టేవాణ్ణని రాశాడు.

అక్టోబరు 4న ఓడ ప్లిమత్ చేరింది. వారం తిరిగేలోపు లండన్ టైమ్స్‌లో వచ్చింది, ఆ తర్వాత బొమ్మలతో సహా వచ్చింది, దేశం దేశమంతా దీని మీద కొట్టుకుంది.

మీరేమంటారు?

---

కొండపల్లి బొమ్మ | శనివారం, రాత్రి 9:22

ఆదిశేషుడు. స్వామివారు యోగనిద్రలో ఉన్నారు కదా అని కాసేపు అలా షికారుకి వచ్చుంటాడు. థ్రెడ్ మూసేయండి.

---

ఓరుగల్లు పోరడు | శనివారం, రాత్రి 9:40

నవ్వుడు తర్వాత అన్నా. ఏడుగురు ఒక్కసారే చూసిన్రు. అండ్ల కెప్టెన్ గూడ ఉన్నడు. నౌకాదళం ఆఫీసరు పై అధికారులకు రాతపూర్వకంగ అబద్ధం చెప్తే కొలువు ఊడుతది. ఆయనకు అంత అక్కరేముంది? ఏం రాయకుండ ఊకుంటె అయిపోతుండె.

నాకైతే ఇది ప్లీసియోసార్ జాతిదే అనిపిస్తది, అదే, డైనోసార్ల కాలంల సముద్రంల బతికిన సరీసృపం. పొడుగు మెడ, చిన్న తల, ఒళ్లంత నీళ్లల్ల. అంతరించిపోయిందనుకున్న సీలకాంత్ చేప 1938ల దక్షిణాఫ్రికా కాడ వలకు చిక్కలేదా? అదీ ఆ దిక్కు సముద్రమే. 1977ల జపానోళ్ల ఓడకు దొరికిన పీనుగ ఫోటోలు గూడ చూడుండ్రి. అచ్చం గదే ఆకారం.

---

జువాలజీ మేడం | శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, సీలకాంత్ సంగతి నిజమే. కానీ ఆ 1977 కేసు మాత్రం మీ వాదనకి సాయం చెయ్యదు. ఏటా నా విద్యార్థుల్లో ఒకరైనా ఆ ఫోటో పట్టుకొస్తారు కాబట్టి వివరంగా చెప్తా.

జుయియో మారు అనే జపాన్ ట్రాలరు 1977 ఏప్రిల్ 25న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కి తూర్పున వేటలో ఉంది. సుమారు 300 మీటర్ల లోతు నుంచి కుళ్లిన కళేబరం ఒకటి వలలో వచ్చింది. పది మీటర్ల పొడవు, 1,800 కిలోల దాకా బరువు. పట్టిన చేపలు పాడవుతాయని కెప్టెన్ దాన్ని తిరిగి నీళ్లలోకి వదిలించేశాడు. ఈలోపు మిచిహికో యానో అనే ఉద్యోగి కొన్ని ఫోటోలు తీసి, రెక్క నుంచి పీచు ముక్కలు కొన్ని దాచాడు. ఫోటోలు చూసి జపాన్ శాస్త్రవేత్తలే కొందరు సరీసృపం అన్నారు. తీరా ఆ పీచుని పరీక్షిస్తే అందులోని అమైనో ఆమ్లాల నిష్పత్తి సొరచేపల రెక్కల్లో ఉండే ఎలాస్టోయిడిన్ అనే ప్రోటీన్‌తో సరిపోయింది. అది బాస్కింగ్ షార్క్.

ఆ సొరకి దవడలూ మొప్పల కమానులూ వదులుగా వేలాడుతుంటాయి. చచ్చి కుళ్లితే ముందు ఊడిపోయేది అవే. మిగిలేది చిన్న పుర్రె, దాని వెనక సన్నటి వెన్ను. చూసేవాళ్లకి అది తలా మెడా. తోకలో కింది భాగానికి వెన్నెముక ఆసరా ఉండదు, అదీ రాలిపోతుంది. పైది మాత్రం సన్నగా పొడుగ్గా మిగులుతుంది. 1808లో స్కాట్లండ్ ఉత్తరాన స్ట్రాన్సే దీవిలో కొట్టుకొచ్చిన 55 అడుగుల "సర్పం" కూడా ఇదే బాపతు. ఎడిన్‌బరో పండితులు దానికి శాస్త్రీయ నామం కూడా పెట్టేశారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ వెన్నుపూసలు చూసి సొర అని తేల్చాడు.

డీడలస్ వాళ్లు చూసింది మాత్రం బతికున్నది, ఈదుతున్నది. ఈ వివరణ దానికి అతకదు.

---

సరంగుగారి మనవడు | ఆదివారం, ఉదయం 6:05

ఆ జపాన్ కెప్టెన్ని తిట్టేవోళ్లు ఒకసారి మా కాకినాడ హార్బరుకి రావాలండి. హోల్డులో ఐసేసిన సరుకు ఉండగా కుళ్లింది ఎత్తి పక్కన పెడితే మొత్తం లోడు రేటు పడిపోద్ది. ఏలంపాటలో కొనేవోడు వాసన చూసే పోతాడు. ఆయన చేసింది కరెక్టే.

ఇంక డీడలస్ సంగతి. నేను చదువుకున్నది తక్కువేగానీ పావుల్ని చూశానండి. ట్రాలు వల ఎత్తినప్పుడు సముద్రం పావులు పడుతుంటాయి, కర్రతో తీసి అవతలెయ్యడం మాకు మావూలే. దాని తోక తెడ్డులా చదునుగా ఉంటాది. నీళ్లలో వదిలితే కుడీ ఎడమా ఒళ్లు తిప్పుకుంటా మెలికలు కొట్టుకుంటా పోద్ది. మెలిక లేకుండా పావు ముందుకి పోలేదు. నేల మీద కొన్ని పావులు తిన్నగా పాకుతాయేమో గానీ నీళ్లలో కుదరదు.

మీ కెప్టెన్ గారేమో 60 అడుగుల ఒళ్లు కనబడిందంటన్నాడు, మెలిక తిరిగిందని ఎక్కడా లేదే?

---

తీరంవాసి | ఆదివారం, ఉదయం 8:30

మీరు అడిగిన పాయింటు నివేదికలోనే ఉంది. కనిపించిన ఒంట్లో ఏ భాగమూ నీటిని తోసుకుపోవడానికి కదల్లేదని, పక్కలకీ లేదు, పైకీ కిందకీ లేదని కెప్టెన్ ప్రత్యేకంగా రాశాడు. బాణంలా తిన్నగా పోయిందట.

---

సరంగుగారి మనవడు | ఆదివారం, ఉదయం 8:41

ఆయ్, అయితే పావు కాదండి. తోసేది ఎక్కడో నీళ్ల కింద ఉంది, ఆళ్లకి కనబడలేదు. అంతే.

---

ఓరుగల్లు పోరడు | ఆదివారం, ఉదయం 9:02

నేను గూడ పాము అంటలేనన్నా. ప్లీసియోసార్‌కు నాలుగు తెడ్ల లెక్క రెక్కలుంటయి, అవి నీళ్ల కిందనే ఉంటయి. మీరు చెప్పింది నా మాటకే బలమిచ్చింది 🙂

---

తీరంవాసి | ఆదివారం, ఉదయం 11:20

రిచర్డ్ ఓవెన్ రంగంలోకి దిగిన ముచ్చట కూడా చెప్పాలి. డైనోసార్ల వర్గానికి 1842లో ఆ పేరు పెట్టింది ఈయనే, అప్పటికి ఇంగ్లండులో ఎముకల విద్యలో ఈయన మాటకి తిరుగులేదు. నవంబరులో టైమ్స్‌కి పెద్ద ఉత్తరం రాశాడు. ఆ తల పాముది కాదు, క్షీరదానిది అన్నాడు. బహుశా దక్షిణాన మంచుగడ్డ మీద కొట్టుకొచ్చి, అది కరిగిపోతే దిక్కుతోచక ఈదుతున్న పెద్ద సీల్, ఏనుగు సీల్ అయ్యుండొచ్చన్నాడు. వెనకున్న పొడుగాటి ఒళ్లు? అది సీల్ ఈదుతుంటే వెనక ఏర్పడిన నీటి సుడి చార అట.

ఇన్ని శతాబ్దాలుగా ఇన్ని సర్పాలుంటే ఒక్క దాని ఎముకైనా ఒడ్డుకి రాలేదా, ఒక్క మ్యూజియంలోనైనా లేదా అని అడిగాడు. చివర్లో చురక: సముద్ర సర్పానికున్న కళ్లారా చూసిన సాక్షులకంటే దెయ్యాలకే ఎక్కువమంది దొరుకుతారని.

మెక్వే ఊరుకోలేదు. సీల్ అంటే ఏంటో తెలియనివాణ్ణి కాను, ఉద్రేకపడలేదు, కళ్లు మోసం చెయ్యలేదు, రాసినదాంట్లో అక్షరం మార్చను అని అదే పత్రికలో తిప్పికొట్టాడు. నాకైతే ఈ ముక్క భలే నచ్చుతుంది. అంత పేరున్న ప్రొఫెసరుకి ఎదురుచెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

---

జువాలజీ మేడం | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఓవెన్ అడిగిన ఎముకల ప్రశ్న ఇప్పటికీ చెల్లుతుంది, దానికి జవాబు చెప్పినవాళ్లు లేరు. కానీ ఆయన సీల్ మాత్రం తేలిపోయింది. ఏనుగు సీళ్లలో ఎంత పెద్ద మగదైనా 20 అడుగుల దగ్గర ఆగుతుంది. 60 అడుగుల్లో మిగతా 40 అడుగులూ నీటి చార అంటే, ఏడుగురు నావికులు ఓడ వెనక రోజూ చూసే చారని గుర్తుపట్టలేకపోయారనాలి. ఆ మాట నేనైతే అనలేను.

---

కొండపల్లి బొమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఓర్‌ఫిష్ కాదా? రిబ్బనులా పొడుగ్గా ఉంటుంది, నెత్తిన ఎర్రటి జూలు. నిన్న సరదాకన్నాను గానీ ఇది సీరియస్‌గానే అడుగుతున్నా.

---

జువాలజీ మేడం | ఆదివారం, మధ్యాహ్నం 12:44

జూలు వరకూ బావుంది, మిగతాదే కుదరదు. ఓర్‌ఫిష్ ఒళ్లు వెండిలా మెరుస్తుంది, అది లోతుల్లో బతికే చేప. పైకి వచ్చిందంటే చాలావరకూ జబ్బుపడో చావుకి దగ్గరపడో వచ్చినట్టు. తల నీటిపైకి ఎత్తి గంటకి పన్నెండు మైళ్లు పోయే సత్తా దానికెక్కడిది?

---

రెండో ఇంజనీరు | ఆదివారం, సాయంత్రం 5:50

మర్చంట్ నేవీలో ఉన్నా, ఇప్పుడు సెలవులో వైజాగ్‌లో. ఆ దారిలో ఓడ మీద వెళ్లినవాణ్ణి కాబట్టి చూపు గురించి నాలుగు మాటలు.

మొదటిది, వెలుతురు. ఆగస్టు అక్కడ చలికాలం. వాళ్లిచ్చిన స్థానం దక్షిణ అక్షాంశం 24 డిగ్రీల 44 నిమిషాలు, తూర్పు రేఖాంశం 9 డిగ్రీల 22 నిమిషాలు. ఆ తేదీన అక్కడ సుమారు ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. ఐదింటికి, అదీ మబ్బులో, ఇంక మిగిలిన వెలుగెంత? గోధుమ రంగు, పసుపు తెలుపు లాంటి మాటల్ని కాస్త వదులుగా తీసుకోవాలి.

రెండోది, పొడుగు అలలు. పైకి సముద్రం ప్రశాంతంగానే అనిపిస్తుంది, కానీ నీళ్లలో ఉన్న వస్తువు అల ఎక్కినప్పుడు కనిపిస్తుంది, దిగినప్పుడు మాయమవుతుంది. మళ్లీ తేలినప్పుడు ఇంకాస్త అవతల ఉంటుంది. దుర్భిణీ తిప్పుతూ వెతుక్కోవాలి. ముందు చూసిన తలనీ తర్వాత చూసిన వీపునీ మధ్యలో కనపడని భాగంతో కలిపేది మన బుర్రే. నీళ్ల మీద కొలబద్ద ఉండదు. దగ్గర్లో ఇంకో ఓడో పడవో ఉంటే తప్ప 40 అడుగులకీ 60 అడుగులకీ తేడా చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే.

మూడోది, 20 నిమిషాలు. అది గంటకి 12 మైళ్లు పోతే 20 నిమిషాల్లో 4 మైళ్లు. నాలుగడుగుల తల అన్ని మైళ్లు కనిపించిందా, అదీ ఆ వెలుతురులో?

---

తీరంవాసి | ఆదివారం, సాయంత్రం 6:25

మూడోదానికి చిన్న సవరణ సార్. అది వెళ్లిపోతుంటేనే కాదు, ముందువైపు నుంచి వస్తున్నప్పుడు కూడా చూశారు. అంటే రాకా పోకా కలిపి అనుకుంటే రెండు మైళ్ల లోపే చూసినట్టు.

---

రెండో ఇంజనీరు | ఆదివారం, సాయంత్రం 6:40

ఒప్పుకుంటా, అయితే ఓడ కూడా ఎదురుదిక్కున నడుస్తోందని మర్చిపోకండి. ఓడ ఈశాన్యం వైపు, అది నైరుతికి. రెండు వేగాలూ కలుస్తాయి. అయినా 20 నిమిషాల మీద నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా 60 అడుగుల మీదే.

---

సరంగుగారి మనవడు | ఆదివారం, రాత్రి 7:15

నాచు ముద్దేమోనండి? మొదలు వేర్లతో సహా ఊడిపోయి తేలతా వచ్చేవి ఉంటాయి కదా.

---

తీరంవాసి | ఆదివారం, రాత్రి 7:50

ఆ మాట అప్పట్లోనే వచ్చింది. పెకిన్ అనే ఓడ కెప్టెన్ స్మిత్ 1858లో టైమ్స్‌కి రాశాడు. 1848 డిసెంబరులో, డీడలస్ చూసిన చోటికి మరీ దూరం కాని చోట, వాళ్లకీ జూలున్న సర్పం కనిపించిందట. పడవ దించి, తాడేసి లాగి డెక్కు మీదకి చేరిస్తే బార్నకిల్స్ (ఓడల అడుగుకి అంటుకునే పెంకు జీవులు) పట్టిన పెద్ద సముద్రపు మొక్క. డీడలస్ వాళ్లు చూసిందీ ఇదేనని ఆయన తీర్మానం.

దానికి డీడలస్ ఆఫీసరొకరు ఘాటుగా జవాబిచ్చాడు, మేం చూసింది ముమ్మాటికీ బతికున్న జంతువని. గాలికి అడ్డంగా గంటకి పన్నెండు మైళ్లు పోయే నాచు ఉండదు కదా. స్మిత్ పడవ దించాడు కాబట్టి అతని సంగతి తేలింది. మెక్వే కూడా వెంటపడదామని అనుకున్నాడేమో గానీ, అంత వేగంగా పోయేదాన్ని తెరచాప ఓడతో పట్టుకోవడం అయ్యేపని కాదు.

---

జువాలజీ మేడం | ఆదివారం, రాత్రి 9:30

ఇంజనీరు గారు చెప్పినదాని దగ్గర్నుంచి మొదలుపెడతా. మనమందరం కెప్టెన్ నివేదిక చుట్టూనే తిరుగుతున్నాం. అది రాసింది అక్టోబరు 11న, ఊరు చేరాక, పత్రికలో గోల మొదలై అడ్మిరల్ సంజాయిషీ అడిగాక. చూసి రెండు నెలలు దాటింది. కానీ ఇంకో సాక్ష్యం ఉంది. లెఫ్టినెంట్ డ్రమ్మండ్ తన దినచర్య పుస్తకంలో రాసుకున్న భాగం విడిగా అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇద్దరూ ఒకే జంతువుని చూశారా అని అనుమానమొస్తుంది.

డ్రమ్మండ్ ప్రకారం కనిపించినవి రెండే: తల, వీపు మీద రెక్క. తల సుమారు పదడుగుల పొడవు, మొనదేలి, పైన చదునుగా ఉంది. పైదవడ బాగా ముందుకి పొడుచుకొచ్చింది. తలకి ఇరవై అడుగుల వెనక రెక్క, అదీ అప్పుడప్పుడే. దానికి అంతే దూరం వెనక తోకో ఇంకో రెక్కో చూశానని కెప్టెన్ అన్నాడట. తలపైన ముదురు గోధుమ, కిందిదవడ కింద గోధుమ కలిసిన తెలుపు. బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా వంద గజాల దూరం. మామూలు కళ్లకి ఐదు నిమిషాలు, దుర్భిణీలో ఇంకో పదిహేను.

చూశారా? కెప్టెన్ నివేదికలో రెక్కల్లేవు. డ్రమ్మండ్ పుస్తకంలో కెప్టెనే రెండో రెక్క చూశానన్నాడు! ముఖం గుర్తుపట్టేంత దగ్గర అన్నది ఇక్కడ వంద గజాలైంది. పదీ, ఇరవై, ఇరవై కూడితే యాభై అడుగులు. మధ్యలో ఒళ్లు కనిపించిందని డ్రమ్మండ్ అననేలేదు.

పదడుగుల చదును తల, ముందుకొచ్చిన పైదవడ, బాగా వెనక వీపు రెక్క, తెల్లటి గొంతు, తిన్నగా వేగంగా నడక. అమెరికా జీవశాస్త్రవేత్త గేరీ గాల్‌బ్రెత్ 2015లో దీని మీద రాస్తూ సెయ్ తిమింగలం అన్నాడు. నాకు ఇంతకంటే బాగా కుదిరే వివరణ కనపడలేదు.

నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం ఉన్న కుటుంబంలోదే ఈ సెయ్. ఆ కుటుంబంలో చాలావరకూ నోరు బార్లా తెరిచి ఒక్కసారిగా నీళ్లు మింగే రకాలు. సెయ్‌కి ఇంకో పద్ధతి కూడా ఉంది. నోరు కాస్త తెరుచుకుని నీటి ఉపరితలం వెంబడి తిన్నగా ఈదుకుంటూ సన్న జీవుల్ని వడకట్టుకుంటుంది. అప్పుడు పైదవడ ముందుభాగం నీటిపైన నిలకడగా ఉంటుంది. సన్నటి, చదునైన, పొడుగాటి పైదవడ. కిందిదవడ చాలావరకూ నీళ్లలో. దూరం నుంచి చూస్తే అదే "తల", కెప్టెన్ చెప్పిన 15 అంగుళాల మందం దానిదే. తోసేది తోక, అది నీళ్ల కింద పైకీ కిందకీ కొడుతుంది. సరంగుగారి మనవడు పొద్దున్న అన్నమాట అక్షరాలా నిజం.

చోటు కూడా కలిసొస్తుంది. నమీబియా తీరానికి అవతల బెంగ్వేలా చల్లటి ప్రవాహం పారే ప్రాంతమది, తిండికి లోటుండదు. దక్షిణార్ధ గోళంలో చలికాలం వస్తే సెయ్ తిమింగలాలు అంటార్కిటిక్ వైపు నుంచి ఇటు పైకి వస్తాయి.

---

ఓరుగల్లు పోరడు | ఆదివారం, రాత్రి 10:05

మేడం, మంచిగ చెప్పిన్రు. కాని రెండు అడుగుత.

ఒకటి: ఏండ్లకేండ్లు సముద్రం మీద తిరిగినోళ్లకు తిమింగలం తెల్వదా? ఎల్లిపాయను చూసి ఉల్లిగడ్డ అంటరా?

రెండు: తిమింగలమైతే ఊపిరి చిమ్మాలె. 20 నిమిషాల్ల ఒక్కసారి గూడ చిమ్మలేదా? డ్రమ్మండే రాసిండు గద, అప్పుడప్పుడు అల కింద మునిగింది గాని ఊపిరి కోసం కానట్టుందని. మీ సాక్షే నా దిక్కు మాట్లాడుతుండు.

---

రెండో ఇంజనీరు | ఆదివారం, రాత్రి 10:40

మొదటిదానికి నేను చెప్తా. ఆ రోజుల్లో నావికులకి బాగా తెలిసిన పెద్ద తిమింగలాలు రెండు: స్పెర్మ్, రైట్. నూనె కోసం వేటాడింది వాటినే. నిదానంగా పోతాయి, చచ్చాక తేలతాయి. సెయ్ లాంటివి చాలా జోరు, తెడ్ల పడవకి అందవు, అందినా చస్తే మునిగిపోతాయి. ఆవిరి ఓడలూ పేలే హార్పూన్లూ (వేట ఈటెలు) వచ్చేదాకా వాటి జోలికి ఎవరూ పోలేదు. అవి తిమింగలాల వేటలోకి వచ్చింది 1860ల్లో. అంటే 1848లో ఒక యుద్ధనౌక ఆఫీసరు సెయ్‌ని దగ్గర నుంచి చూసి, పేరు పెట్టి పిలిచే అవకాశం బహు తక్కువ. పైగా అది మేస్తున్నప్పుడు మనం బొమ్మల్లో చూసే తిమింగలం ఆకారంలో ఉండదు కదా.

---

జువాలజీ మేడం | ఆదివారం, రాత్రి 11:10

రెండో ప్రశ్న గట్టిదే, తమ్ముడూ. మామూలు కళ్లకి కనిపించింది ఐదు నిమిషాలే, ఆపైన దుర్భిణీలో, మబ్బులో, గట్టి గాలి విసురుల మధ్య. సెయ్ ఊపిరికీ ఊపిరికీ మధ్య ఐదు నిమిషాలకి మించి కూడా ఆగగలదు, గట్టి గాలికి ఆ ఆవిరి నిలవకుండా చెదిరిపోతుంది. కానీ తల నీటిపైనే పెట్టుకుని మేస్తున్నది అంతసేపు ఊపిరి బిగబట్టిందనడం నాకూ కాస్త ఇబ్బందిగానే ఉంది. ఈ వివరణలో బలహీనమైన కీలు అదే. జూలు రెండోది.

---

కొండపల్లి బొమ్మ | సోమవారం, ఉదయం 7:45

తిమింగలాల మాట వచ్చింది కాబట్టి... గ్రీన్‌లాండ్‌కి వెళ్లిన హాన్స్ ఎగిడీ అనే పాస్టరు 1734లో చూసిన "సర్పం తోక" మీద 2005లో ఒక పరిశోధనా వ్యాసం వచ్చింది. ఆయన చూసింది తోక కాకపోవచ్చు, మగ తిమింగలం అవయవం అయ్యుండొచ్చని శాస్త్రవేత్తలు ముఖం సీరియస్‌గా పెట్టి రాశారు. వెతుక్కుని చదవండి, నేను కల్పించట్లేదు.

---

పెద్దరికం (నిర్వాహకులు) | సోమవారం, ఉదయం 8:20

ఆ వ్యాసం నిజంగానే ఉంది కాబట్టి పోస్టు ఉంచుతున్నా. కింద వచ్చిన ఆరు జవాబులు తీసేశాను. పిల్లలు కూడా చదువుతారు ఇక్కడ.

---

సరంగుగారి మనవడు | సోమవారం, సాయంత్రం 4:30

మేడం గారూ, జూలు గురించి నాకో మాట తోస్తంది. మా వైపు బొక్కు సొర పైకి వచ్చినప్పుడు, అదేనండి వేల్ షార్క్, దాన్ని పట్టకూడదు, వల్లో పడినా వల కోసి వదిలెయ్యాల్సిందే, అలాంటిది నీటికి సమానంగా పోతుంటే దాని వీపు మీద నీళ్లు ఒకపక్కకి జారతా ఉంటాయి. నురగ తెల్లగా, కింద నల్లగా, ఏదో పీచు ఊగుతున్నట్టే ఉంటాది. దగ్గరికి పోతే ఏమీ ఉండదు. మబ్బు పట్టినప్పుడు ఇంకా మోసం.

కెప్టెన్ కూడా జూలని గట్టిగా అన్లేదు కదా, జూలు "లాంటిది", కాదు నాచు "లాంటిది" అని రెండూ అన్నాడు. అక్కడే తడబడ్డాడని నాకనిపించిందండి.

---

జువాలజీ మేడం | సోమవారం, సాయంత్రం 5:15

ఇది నేను ఎక్కడా చదవలేదు. నీటి జారుడు అంటే ఓవెన్ చెప్పిన సుడి చారకి దగ్గరగా ఉంది, కానీ మీది ఇంకా నమ్మేలా ఉంది. ఆయన 40 అడుగుల ఒంటినే నీళ్లతో చేశాడు, మీరు జూలు వరకే వాడుకున్నారు.

---

ఓరుగల్లు పోరడు | సోమవారం, రాత్రి 8:50

సరే, ప్లీసియోసార్ వదిలిపెడ్త. రెక్క ముచ్చట నాకు ముందుగాల తెల్వదు, కెప్టెన్ ఒకటి చెప్పి ఇంకోటి రాసిండంటె ఆయన మాట మీద నాకూ కొంచెం నమ్మకం తగ్గింది. కాని ఊపిరి సంగతి తేలేదాక నేను తిమింగలం అని రాసియ్య.

ఇగ ఇది చూడుండ్రి. 1905 డిసెంబరు 7, బ్రెజిల్ తీరం, వల్హాలా అనే షికారు ఓడ. చూసినోళ్లు నావికులు గాదు, మీడ్-వాల్డో, నికోల్ అని ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలు. ముందుగాల ఆరడుగుల పొడుగు రెక్క ఒకటి నీళ్లల్లకెల్లి లేచింది. దాని ముంగట ఏడెనిమిది అడుగుల మెడ, మనిషి ఒళ్లంత లావు, కొసకు తాబేలు తల లెక్క. లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికల అచ్చేసిన్రు. దీనికి మీ సెయ్ తిమింగలం పనికిరాదు మేడం. మెడ నిట్టనిలువుగ లేచింది.

---

రెండో ఇంజనీరు | సోమవారం, రాత్రి 9:25

అది వేరే కేసు, వేరే సముద్రం, ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి. వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాం. ఒక్క మాట, పెట్టేటప్పుడు ఇద్దరి వాంగ్మూలాలూ విడివిడిగా పెట్టండి, కలిపి సారాంశం రాయొద్దు. ఇక్కడ మొదటి పోస్టులో కెప్టెన్ మాట ఒక్కటే ఉండబట్టే ఒకరోజంతా 60 అడుగుల పాము వెంట పరిగెత్తాం.

---

తీరంవాసి | సోమవారం, రాత్రి 9:40

కావాలనే అలా పెట్టా సార్ 🙂 1848లో జనం చదివిందీ ముందు అదే కదా. మొదటి పోస్టు కింద డ్రమ్మండ్ దినచర్య భాగం ఇప్పుడు జోడిస్తున్నా.

---

ఓరుగల్లు పోరడు | సోమవారం, రాత్రి 9:58

వల్హాలా థ్రెడ్ పెట్టిన. ఇద్దరి మాటలు ఎవలయి వాళ్లయే ఉన్నయి. నికోల్‌కు అది క్షీరదం అనిపించిందట, మీడ్-వాల్డో రాసిన దాంట్ల ఆ ముచ్చటే లేదు. మేడం, ముందుగాల మీరే రావాలె.